సింగపూర్‌ల పదమూడు గంటలు: అమ్మ, నేను, మా సామాను

మా చెల్లె మెల్‌బోర్న్‌ల ఉంటది. మొదటి కాన్పుకు అమ్మ పక్కన ఉంటె బాగుండు అన్నది, ఏ ఆడపిల్లకైనా ఉండే ఆశే కదా అది. అమ్మకు అరవై నాలుగేండ్లు, మోకాళ్ళ నొప్పులు, బీపీ, విమానం ఎక్కుడు ఇదే మొదటిసారి. ఒక్కదాన్నే పంపుడు నాకు మనసొప్పలే, అందుకే హన్మకొండల షాపు మా ఇంటామెకు, తమ్మునికి అప్పజెప్పి, అమ్మను దింపి రెండు వారాలుండి వస్త అని నేను కూడా బయల్దేరిన.

హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్‌కు పోవాలంటె నడుమ ఒక దగ్గర విమానం మారాల్సిందే. సింగపూర్ మీదికెళ్ళి రెండు రకాల టికెట్లు కనబడ్డయ్, ఒకదాంట్ల రెండు గంటల లోపల మారాలె, రేటు ఎక్కువ. ఇంకోదాంట్ల పదమూడు గంటలు ఆగాలె, రేటు తక్కువ. నేను పదమూడు గంటలదే తీసుకున్న. పైసలొక్కటే కారణం కాదు, అమ్మ మోకాళ్ళతోని ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కు రెండు గంటల్ల ఉరుకుడంటె నాకు భయమైంది. ముందటి ఫ్లైట్ గంట లేటైతె ఇగ చూడు. కానీ చుట్టాలందరు తిట్టిండ్రు, ముసలామెను పదమూడు గంటలు కుర్చీల కూసోబెడ్తవా అని. ఆ మాట నాకు బాగనే గుచ్చుకున్నది. ఆ పదమూడు గంటల కోసం నేను నెల రోజుల ముందు నుంచి ప్లాన్ చేసుడు అందుకే.

అసలు ముచ్చట చెప్పే ముందు మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలె. మా ఇంట్ల ఎక్కడికి పోయినా సామాను కాడ కూసునేది అమ్మనే. మేడారం జాతరకు పోతె మేమందరం జంపన్న వాగుల తానాలు చేసి, గద్దెల కాడికి పోయి బెల్లం పెట్టి వచ్చేదాకా చెట్టు కింద మూటల మధ్యల అమ్మ. మేం వచ్చినంక ఎవరో ఒకరిని తోడు తీసుకొని, ఆఖరున, తొందర తొందరగ పోయి దండం పెట్టుకొని వచ్చేది. వేములవాడల అంతే, బాసరల అంతే. కాజీపేట జంక్షన్‌ల రైలు లేటైతె మేం ప్లాట్‌ఫాం అంతా తిరిగేటోళ్ళం, అమ్మ పెట్టె మీద చెయ్యి వేసి కూసునేది. ఎవరం చెప్పలే ఆమెకు, ఆమె పనే అన్నట్టు అలవాటైపోయింది అందరికి. చిన్నప్పటి సంది చూస్తున్న గనుక నాకు అది కనబడనే లేదు, సింగపూర్‌ల కనబడ్డది.

ముందుగాల ఇంటి కాడి సంగతి చెప్త, ఎందుకంటె లేఓవర్‌ల, అంటె నడుమ విమానం కోసం ఆగే కాడ, తిప్పలు సగం ఇంట్ల సర్దుకునే కాడనే మొదలైతయ్. మా టికెట్ మీద మనిషికి 25 కిలోలు, ఇద్దరికి కలిపి 50, చేతుల పట్టుకొని పోయేది మనిషికి 7 కిలోలు. అమ్మ తీసిపెట్టినవి చూస్తె 80 కిలోలకు తక్కువ లేవు. సకినాలు, గారెలు, మామిడికాయ తొక్కు, కాన్పయినంక తినిపించే కాయం, చపాట మిర్చి కారం మూడు కిలోలు, పుట్టబోయే బిడ్డకు పాత నూలు చీరలు చింపి కుట్టిన బొంతలు, ఇంక వరంగల్ కొత్తవాడల నేయించిన ఒక దరి, అంటె కింద పరిచే జంపఖానా. వరంగల్ దరీలకు 2018ల జీఐ ట్యాగ్, అంటె ఇది ఈ జాగ సరుకే అనే గుర్తింపు, వచ్చింది, చపాట మిర్చికి 2025ల వచ్చింది, ఇవి రెండూ మా చెల్లె ఇంట్ల ఉండాలె అని అమ్మ పట్టుదల. దరి ఒక్కటే మస్తు బరువు, అయినా దాన్ని తీసే ప్రశ్నే లేదన్నది.

కొక్కెం ఉండే చిన్న డిజిటల్ కాంటా ఒకటి కొన్న, అది కొనకపోతె ఎయిర్‌పోర్ట్‌ల కింద కూసొని పెట్టెలు విప్పుకునేటోళ్ళం. ఒక్కొక్కటి తూకం వేసుకుంట తీసేసినం. ఎండు కొబ్బరి తీసేసిన, దాంట్ల నూనె ఎక్కువ ఉంటది, తొందరగ అంటుకుంటది, అందుకే 2022 నుంచి మన దేశంల చెక్-ఇన్ సామానుల ఒప్పుకుంటలేరు. కర్పూరం కూడా అంతే. తొక్కు చేతి సంచిల పెట్టొద్దు, కింద వేసే పెట్టెల్నే పెట్టాలె, మూత చుట్టూ టేప్ వేసి రెండు కవర్లల్ల చుట్టి బొంతల నడుమ పెట్టినం. పవర్ బ్యాంక్‌కు దీనికి ఉల్టా, అది చేతి సంచిల్నే ఉండాలె, కింద పెట్టెల పెట్టొద్దు. గోంగూర విత్తనాలు, కరివేపాకు, పాలకోవా చెల్లె ఫోన్‌ల విని వద్దే వద్దన్నది. ఆస్ట్రేలియాల తిండి సామాను ఏదున్నా దిగేటప్పుడు కార్డు మీద రాసి చూపెట్టాలె, దాచిపెడ్తె పెద్ద జరిమానా. మేం అన్నీ ఉన్నయని రాసిచ్చినం, వాళ్ళు విప్పి చూసి పంపిచ్చిండ్రు. అది తర్వాతి సంగతి.

ఇంకొకటి, సింగపూర్‌ల బయటికి పోదామనుకునేటోళ్ళు ఉంటె గుట్కా, ఖైనీ, తంబాకు, ఈ-సిగరెట్, చూయింగ్ గమ్ ఇవేవీ జేబుల్ల కూడా ఉండొద్దు. మన పెద్దోళ్ళ బొడ్డె సంచుల్ల తంబాకు ఎక్కడో ఒక మూలకు ఉంటది, వాళ్ళకు తెల్వదు పాపం. మా అమ్మ ఆకు వక్క మాత్రమే వేసుకుంటది, అది కూడా ఇంట్లనే పెట్టి రమ్మన్న.

చేతి సామాను మాకు రెండు, ఒక చిన్న చక్రాల పెట్టె, ఒక బ్యాగు. ఇందుల ఏం పెట్టాలె అన్నదే నేను ఎక్కువ ఆలోచించిన. కింద వేసిన పెట్టెలు మెల్‌బోర్న్‌లనే చేతికొస్తయ్, నడుమల పదమూడు గంటలు వాటిని చూసే పని లేదు, కాబట్టి ఆ పదమూడు గంటలకు ఏం కావాల్నో అదంతా చేతుల ఉండాలె. ఒక జత బట్టలు, స్వెటర్లు, బ్రష్షులు, మోకాలి బెల్టు, వారానికి సరిపడ మందులు డాక్టర్ చీటీతో సహా, ఒక డబ్బాల సకినాలు. మళ్ళ వీటిల్లనుంచి అసలు వదలకూడనివి విడిగ తీసి అమ్మ మెడలకు ఒక చిన్న సంచి కుట్టించిన: పాస్‌పోర్టులు, టికెట్లు, ఆస్ట్రేలియా వీసా ప్రింటు, ఆ రోజు వేసుకునే గోలీలు. ఆస్ట్రేలియా వీసా పాస్‌పోర్ట్‌ల అంటించరు, ఈమెయిల్‌ల వచ్చిన లెటరే, అందుకని దాన్ని ప్రింట్ తీసి పెట్టుకునుడు తప్పనిసరి. అది సింగపూర్‌ల ఎట్ల పనికొచ్చిందో కిందికి చెప్త.

ఫ్లైట్ రాత్రి పదకొండు గంటలకు. మధ్యాహ్నం మూడింటికే హన్మకొండ నుంచి కారుల బయల్దేరినం. ఘట్‌కేసర్ కాడ ఔటర్ ఎక్కి శంషాబాద్ పోవాలె, నూటయాభై కిలోమీటర్ల పైననే. దారిల అమ్మ మామునూరు గురించి అడిగింది, అక్కడ విమానాలు దిగుతయంటున్నరు కదా బిడ్డా, ఎప్పుడంట అని. నిజాం కాలంల కట్టిన ఎయిర్‌పోర్ట్ అది, 1981 నుంచి బంద్ ఉన్నది, మళ్ళ నడిపేటందుకు 2025ల కేంద్రం ఒప్పుకున్నది. మన వరంగల్‌ల విమానం ఎక్కే రోజు వస్తె అమ్మలాంటోళ్ళకు ఈ నాలుగు గంటల కారు ప్రయాణం తప్పుతది, నాకైతె ఆ రోజు కోసం నిజంగ ఎదురుచూపే.

శంషాబాద్‌ల చెక్-ఇన్ కాడ ఒక సంగతి జరిగింది, ఇది మాత్రం అందరు గుర్తు పెట్టుకోండ్రి. కౌంటర్‌ల ఉన్న అమ్మాయి పెట్టెలకు ట్యాగ్ వేసి బెల్టు మీదికి తోయబోతున్నది, నేను వంగి చూసిన, ట్యాగ్ మీద పెద్ద అక్షరాలల్ల ఎస్ఐఎన్ అని ఉన్నది. అంటె సింగపూర్. మెల్‌బోర్న్‌కు ఎంఈఎల్ అని ఉండాలె. అమ్మా, మా పెట్టెలు మెల్‌బోర్న్ దాకా పోవాలె, ఒకటే టికెట్ మీద ఉన్నయ్ రెండు విమానాలు అన్న. ఆమె కంప్యూటర్‌ల మళ్ళ చూసి, సారీ సార్ అని, అవి చింపి కొత్త ట్యాగులు వేసింది. ఆమెను తప్పుపట్టుడు కాదు నా ఉద్దేశం, వెనుక లైను చాంతాడంత ఉన్నది. కానీ నేను చూడకపోతె ఏమైతుండె? మా పెట్టెలు సింగపూర్‌ల బెల్టు మీద తిరుగుకుంట ఉంటుండె, మేం లోపల్నే కూసుంటె అవి మాతోని మెల్‌బోర్న్ రాకపోతుండె. అందుకే పెట్టె బెల్టు మీద కదిలే ముందే ట్యాగ్ మీద ఆ మూడు అక్షరాలు చదువుకోండ్రి, బోర్డింగ్ పాస్ వెనుక అంటించే చిన్న చీటీలు ఎన్ని పెట్టెలుంటె అన్ని ఉన్నయా లేవా లెక్క పెట్టుకోండ్రి. మెల్‌బోర్న్‌కు పోయే రెండో బోర్డింగ్ పాస్ కూడా అక్కడ్నే అడిగి తీసుకున్నం.

అట్లనే రెండు వేరే వేరే టికెట్లు, వేరే వేరే కంపెనీలవి కొనుక్కొని తక్కువల పడ్డది అనుకునేటోళ్ళకు ఒక మాట. అప్పుడు మామూలుగ పెట్టెలు నేరుగా పోవు, నడుమ దిగి, ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చి తీసుకొని మళ్ళ చెక్-ఇన్ చేయాలె, బయటికి రావాలంటె ఆ దేశం ఒప్పుకోవాలె. పెద్దోళ్ళను తీసుకొని పోయేటప్పుడు ఆ మిగిలే పైసలు వద్దు అనే అంట నేను.

విమానంల నాలుగున్నర గంటలు, అమ్మ కిటికీ కాడ కూసొని నిద్రపోలే. దిగేసరికి అక్కడ పొద్దుగాల ఆరు దాటింది. సింగపూర్ టైం మనకంటె రెండున్నర గంటలు ముందు ఉంటది, ఫోన్ దానంతట అదే మారుతది గని అమ్మ చేతి గడియారం మూడున్నరే చూపెడ్తున్నది. ముందుగాల ఆ గడియారం తిప్పిపెట్టిన. ఇది చిన్న పని లెక్క కనబడ్తది గని ఎవరన్నా పాత గడియారం చూసుకుంట కూసుంటె రెండో విమానం పోయినట్టే.

చాంగీ ఎయిర్‌పోర్ట్ లోపల మంచి నీళ్ళు ఫ్రీగనే పట్టుకోవచ్చు, బాత్రూంలు అద్దం లెక్క ఉన్నయ్. మొఖాలు కడుక్కొని, తలా నాలుగు సకినాలు తిని, చాయ్ తాగినం. అప్పుడు అమ్మ ఒక కుర్చీల కూసొని, చక్రాల పెట్టె కాళ్ళ నడుమ పెట్టుకొని, బ్యాగు ఒళ్ళె పెట్టుకొని, పిడి మీద చెయ్యి వేసి, "నువ్వు పోయి అంతా చూసి రా బిడ్డా, నేను సామాను కాడ కూసుంట" అన్నది.

పదమూడు గంటలు అట్లనే కూసునేటందుకు తయారై వచ్చింది ఆమె. నేను ఏం మాట్లాడలేకపోయిన ఒక నిమిషం. కాజీపేట ప్లాట్‌ఫాం, మేడారం చెట్టు, అన్నీ ఒక్కసారి కండ్ల ముందటికొచ్చినయ్.

"సామాను ఇక్కడ దాచిపెట్టేటోళ్ళు ఉన్నరమ్మా, మనిద్దరం పోదాం" అన్న. మన రైల్వే స్టేషన్ల క్లోక్ రూం ఉంటది చూడు, అసొంటిదే. చాంగీల ఇమిగ్రేషన్ దాటక ముందు లోపలి దిక్కు కూడా ఉన్నది, దాటినంక బయట కూడా ఉన్నది. నేను లోపలి దాంట్లనే పెట్టిన, ఎందుకంటె రాత్రి మళ్ళ లోపలికే వస్తం, ఆ పెట్టెను బయటికి గుంజుకపోయి మళ్ళ గుంజుకొచ్చే పని ఉండది. సంచి రకాన్ని బట్టి 24 గంటలకు ఇంత అని లెక్క. అమ్మ ఆ రేటు రూపాయలల్ల అడిగింది, చెప్తె ఒప్పుకోలే. "నేను ఊకెనే కూసుంట గదరా, దానికి పైసలెందుకు" అన్నది. నేను గట్టిగనే చెప్పిన, ఇన్నేండ్లు కూసున్నవ్ గదమ్మా, ఇయ్యాల వద్దు అని. ఆమె నా మొఖం చూసి ఇగ ఏం అనలే.

ఇచ్చే ముందు స్వెటర్లు, మందుల సంచి, పవర్ బ్యాంక్, నీళ్ళ బాటిల్ తీసుకున్నం. వాళ్ళిచ్చిన రసీదు ఫోటో తీసుకొని అమ్మకిచ్చిన. అమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగు చివర ముడి వేసుకున్నది. నా ఫోన్‌ల ఫోటో కన్నా ఆ ముడి మీదనే నాకు నమ్మకం ఎక్కువ.

ఇగ బయటికి పోవుడు. మన పాస్‌పోర్ట్‌కు సింగపూర్ వీసా కావాలె, కానీ ఒక వెసులుబాటు ఉన్నది. ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా, యూకే, జపాన్ అసొంటి కొన్ని దేశాల వీసా చేతుల ఉండి, ముందటికి పోయే టికెట్ ఉంటె 96 గంటల దాకా వీసా లేకుంట పోనిస్తరు, షరతులు ఉన్నయ్, ఆఖరి మాట మాత్రం అక్కడి ఆఫీసర్‌దే. దిగే మూడు రోజుల లోపల ఎస్‌జీ అరైవల్ కార్డ్ అని ఆన్‌లైన్‌ల నింపాలె, దానికి ఒక్క పైస ఉండది, పైసలు అడిగే సైట్లు కనబడ్తె అవి అసలుయి కావు. నేను హన్మకొండల ఉండంగనే ఇద్దరిది నింపిన. కౌంటర్‌ల ఆఫీసర్ ఆస్ట్రేలియా వీసా అడిగింది, ప్రింటు ఇచ్చిన, మెల్‌బోర్న్ బోర్డింగ్ పాస్ అడిగింది, చూపెట్టిన. ఎక్కడికి పోతరు అంటె గుడికి అన్న. అమ్మ వేలిముద్రలు పడుడు జర కష్టమైంది, ఇన్నేండ్లు పొయ్యి కాడ పని చేసిన చేతులు, రెండు మూడుసార్లు తుడిచి పెట్టించిండ్రు. స్టాంప్ వేయరు అక్కడ, ఈమెయిల్‌కు వస్తది.

సిటీ చూపెట్టే ఫ్రీ టూర్ ఒకటి ఉంటది చాంగీల, లేఓవర్ అయిదున్నర గంటల నుంచి 24 గంటల లోపల ఉన్నోళ్ళకు, బస్సుల తిప్పి మళ్ళ తీసుకొస్తరు. టైం తక్కువ ఉన్నోళ్ళకు, కొత్త జాగల భయం ఉన్నోళ్ళకు అది మంచిది అనిపిస్తది నాకు. మేం పోలే. అమ్మకు పెరుమాళ్ళ గుడి చూడాలని ఉన్నది, పొద్దున గుడి మూసే లోపల పోవాలె, బస్సు టైం దానికి కుదరది.

ఎయిర్‌పోర్ట్ కిందనే మెట్రో స్టేషన్. మా బ్యాంకు కార్డులనే గేటుకు ఆనిస్తె తెరుసుకున్నది, టికెట్ కొనే పని పడలే, కానీ ఒక్క మనిషికి ఒక్క కార్డు, ఒకటే కార్డుతోని ఇద్దరు పోనియ్యరు. నేను నా డెబిట్ కార్డు అమ్మకిచ్చి క్రెడిట్ కార్డు నేను పట్టుకున్న, రెండిట్ల విదేశీ వాడకం బయల్దేరక ముందే ఆన్ చేసి పెట్టిన. ఎక్స్‌పో అనే స్టేషన్‌ల దిగి డౌన్‌టౌన్ లైన్ ఎక్కితె నేరుగా లిటిల్ ఇండియా, గుడి ఆ దిక్కే. ప్రతి స్టేషన్‌ల లిఫ్ట్ ఉన్నది, అమ్మ ఎక్కడా మెట్లు ఎక్కలే, ఇది మోకాళ్ళ నొప్పులున్నోళ్ళకు ఎంత పెద్ద సంగతో వాళ్ళతోని తిరిగినోళ్ళకే తెలుస్తది. రైలుల ఏం తినొద్దు, నీళ్ళు కూడా తాగొద్దు, అమ్మకు ముందే చెప్పిన.

సెరంగూన్ రోడ్ మీద నడుస్తుంటె మల్లెపూల వాసన, దండలు అల్లేటోళ్ళు, ఇత్తడి సామాను షాపులు. తమిళం అక్కడ నాలుగు అధికార భాషల్ల ఒకటి, బోర్డుల మీద ఆ అక్షరాలు చూసి అమ్మ "మనోళ్ళే గదరా" అన్నది. శ్రీనివాస పెరుమాళ్ గుడి 1855 నుంచి ఉన్నదంట, గోపురం దూరం నుంచే కనబడ్తది, ఫారర్ పార్క్ స్టేషన్‌కు దగ్గర. గుడి ముందట చెప్పులు విడిసే కాడ అమ్మ ఆగింది.

"చెప్పులు ఎవలు చూస్తరు?"

"ఎవలు చూసే పని లేదమ్మా, రా" అన్న. ఒక్కసారి వెనుకకు తిరిగి చెప్పుల దిక్కు చూసి, కొంగు ముడి తడుముకొని, లోపలికొచ్చింది. ఎంతసేపు నిలబడ్డదో తెల్వది పెరుమాళ్ళ ముందట. నేను పిలువలే. టైం మస్తు ఉన్నది, ఎనకనుంచి తోసేటోళ్ళు లేరు, రాండ్రి రాండ్రి అనేటోళ్ళు లేరు. మా చెల్లె కాన్పు మంచిగ కావాలె అని మొక్కుకున్నదని తర్వాత చెప్పింది.

అరిటాకుల అన్నం తిన్నం, సాంబారు తియ్యగున్నదన్నది, కారం పొడి ఉంటె బాగుండు అన్నది, కారం మూడు కిలోలు విమానం కాడ ఉన్నది కదా. తిన్నంక ఆమెకు కండ్లు మూతలు పడ్తున్నయ్, రాత్రంతా నిద్ర లేదు మరి. ఇంకో గుడి కూడా పోదామా అంటె వద్దన్నది, నేను కూడా బలవంతం చేయలే. చాలామంది లేఓవర్‌ల ఊరంత చూడాలని ఉరుకుతరు, పెద్దోళ్ళు ఉన్నప్పుడు ఒక్క జాగ మంచిగ చూసుడే ఎక్కువ. పన్నెండున్నరకల్ల తిరిగి రైలు ఎక్కినం.

ఎయిర్‌పోర్ట్‌ను ఆనుకొనే జువెల్ అని ఒక అద్దాల కట్టడం ఉన్నది, 2019ల తెరిసిండ్రు. దాని నడుమ పైకప్పు నుంచి నీళ్ళు పడ్తయ్, 40 మీటర్ల ఎత్తు, ఇంట్లోపల పడే జలపాతాలల్ల ప్రపంచంల ఇదే ఎత్తుది. వాన నీళ్ళను కూడా పట్టి దాంట్ల వాడుతరు. చుట్టూ చెట్లు, అంతస్తులు అంతస్తులుగ. ఇమిగ్రేషన్ దాటి బయటికి పోనోళ్ళు కూడా దీన్ని చూడొచ్చు, టెర్మినళ్ళ నడుమ తిరిగే స్కైట్రెయిన్ జువెల్ లోపల్నుంచే పోతది, కిటికీల్నుంచి జలపాతం కనబడ్తది. కానీ మరీ పొద్దుగాల నీళ్ళు పడవు, పది పదకొండు దాటినంకనే పోవాలె.

అమ్మ కంచెకు ఆనుకొని నిలబడ్డది. తుంపర్లు మొఖం మీద పడ్తున్నయ్. మనుషులు ఫోటోలు దిగుతున్నరు, పిల్లలు అరుస్తున్నరు, ఆమె ఒక్క మాట మాట్లాడలే. నేనే అన్న, "బొగత లెక్క ఉన్నది గదమ్మా" అని. వాజేడు కాడ బొగత జలపాతానికి మేమందరం పోయినం, నాయిన ఉన్నప్పుడు, వానాకాలంల, రెండు కార్లల్ల.

"బొగత నేను చూడలేదు బిడ్డా" అన్నది. "నీళ్ళ సప్పుడు విన్న. మీరందరు లోపలికి పోయిండ్రు, నేను టిఫిన్ల కాడ ఉన్న గదా."

ఆ మాట ఆమె నిష్టూరంగ అనలే, ఉన్న సంగతి చెప్పింది అంతే. కానీ నేను ఆ రోజు తీసుకున్న ఫోటోలు ఇప్పటికి నా ఫోన్‌ల ఉన్నయ్, ముప్పై ఫోటోలు, అమ్మ ఒక్కదాంట్ల కూడా లేదు, నేను ఆ సంగతి ఆనాటి నుంచి ఈనాటి దాకా చూసుకోలే. అక్కడ్నే ఆ కంచె కాడ నిలబడి వెతికి చూసిన, లేదు. నాయిన ఉన్నడు, చెల్లె ఉన్నది, మా పిల్లలు ఉన్నరు. నా కండ్లల్ల నీళ్ళొచ్చినయ్, తుంపర అనుకున్నది కావచ్చు అమ్మ. ఎవరినో అడిగి మా ఇద్దరికి ఫోటో తీయించుకున్న, తర్వాత ఆమె ఒక్కదానికి అయిదారు తీసిన. అక్కడ గంటన్నర ఉన్నం. పై అంతస్తుకు పోయి పైనుంచి చూసినం, కిందికి దిగి కింది నుంచి చూసినం. వానొస్తె వాగు ఉప్పొంగినట్టు సప్పుడున్నదన్నది.

మూడున్నరకల్ల మళ్ళ లోపలికి పోయినం. విమానం ఏడు దాటినంక, అయినా మూడు గంటలకు పైన చేతుల పెట్టుకునుడే మంచిది, ఇమిగ్రేషన్ కాడ ఎంత లైను ఉంటదో చెప్పలేం, గేటు ఇంకో టెర్మినల్‌ల పడితె ట్రెయిన్ ఎక్కాలె. సామాను కౌంటర్ కాడ అమ్మనే కొంగు ముడి విప్పి రసీదు ఇచ్చింది, పెట్టె, బ్యాగు ఇచ్చిండ్రు, జిప్పులు చూసుకున్నం, అన్నీ ఉన్నయ్. ఆమె మొఖంల ఒక నిమ్మళం. కాళ్ళకు మసాజ్ చేసే మిషన్లు ఫ్రీగ ఉంటయ్ అక్కడ, ముందుగాల భయపడ్డది, కాళ్ళు లోపల ఇరుక్కుంటయేమో అని, పెట్టినంక రెండుసార్లు చేయించుకున్నది. బీపీ గోలీ వేసుకున్నది. టైం మారింది కదా, గోలీ ఏ టైంకు వేసుకోవాలె అని హన్మకొండల్నే డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాసిపెట్టుకున్న, మీరు కూడా అడిగి పోండ్రి.

ఇంకొక్కటి చెప్పి ఆపుత. చాంగీల మేం ఎక్కిన కాడ సెక్యూరిటీ చెకింగ్ గేటు కాడనే ఉంటది, శంషాబాద్‌ల ఒకసారి అయింది కదా అనుకోవద్దు, మళ్ళ అంతా తీసి పెట్టాలె, నీళ్ళ బాటిల్ ఖాళీ చేయాలె. అందుకని గేటు కాడికి మరీ ముందుగాల పోకుంట బయటనే కూసుంటె తిరగడానికి వీలైతది.

మేం అట్లనే కూసున్నం. పక్కనే టెర్మినల్ 3ల సీతాకోకచిలుకల తోట ఉన్నదని బోర్డు చూసి నేనే చెప్పిన అమ్మకు, అందుల వెయ్యికి మీద సీతాకోకచిలుకలు ఉంటయంట, చిన్న జలపాతం కూడా ఉన్నదంట అని. నాకు అప్పటికే కాళ్ళు గుంజుతున్నయ్, పొద్దటి సంది నిద్ర లేదు. పెట్టెను మళ్ళ కౌంటర్ల పెట్టే టైం లేదు, పోదాం పా, పెట్టె గుంజుకుంటనే పోదాం అని లేవబోయిన.

అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి కూసోబెట్టింది. మెడల పాస్‌పోర్టుల సంచి సరి చేసుకున్నది, ఒళ్ళె ఉన్న బ్యాగు తీసి నా ఒళ్ళె పెట్టింది.

"నువ్వు సామాను కాడ కూసో బిడ్డా, నేను చూసొస్త" అన్నది.

చీర కుచ్చిళ్ళు జర ఎత్తి పట్టుకొని, ఉత్త చేతులతోని, బోర్డు మీద బాణం గుర్తు చూసుకుంట మెల్లగ నడుసుకుంట పోయింది. నేను చక్రాల పెట్టె కాళ్ళ నడుమ పెట్టుకొని, పిడి మీద చెయ్యి వేసి కూసున్న.